అఫ్సర్ గారి 'వలస'

నేను డాలస్ దగ్గర బిల్డింగ్ పనుల్లో సూపర్‌వైజర్‌ని. అంతకుముందు ఎనిమిదేళ్లు దుబాయ్‌లో చేశాను. మా ఆవిడ నర్సు, ఆమె వెనకే అమెరికా వచ్చాను. ఐటీఐ సర్టిఫికెట్ చూసి ఎవరూ వీసా ఇవ్వలేదు లెండి.

ఇయ్యాల ఒక కవి గురించి చెప్తా. ఆయన పేరు అఫ్సర్. ఖమ్మం జిల్లా మనిషి. తండ్రి కౌముది గారు కూడా కవే. అఫ్సర్ గారు తెలుగు పత్రికల్లో ఏళ్ల తరబడి పనిచేసి, తర్వాత ఇక్కడికొచ్చి విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ చేశారు. మా టెక్సాస్‌లోనే, ఆస్టిన్‌లో తెలుగు చెప్పారు. ఇప్పుడు ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఉన్నారు. ఆయన కవితల పుస్తకాల పేర్లు వినండి: 'ఇవాళ', 'వలస', 'ఊరి చివర', 2018లో 'ఇంటివైపు'. పేర్లు వింటేనే మనోడు అనిపిస్తది.

నాకు ఆయన ఎందుకు ముఖ్యమో చెప్తా. దుబాయ్‌లో మా రూంలో కడప తమ్ముడు ఒకడు ఉండేవాడు, ముస్లిం. ఉగాదికి తెలుగువాళ్ల ఫంక్షన్ ఉందంటే అందరం పోయాం. గేటు దగ్గర వాడి పేరు చూసి, "నువ్వు తెలుగేనా?" అని అడిగారు. వాడు మాట్లాడే కడప తెలుగు వింటే ఎవరికీ ఆ అనుమానం రాదు. వాడు నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మా జగిత్యాల వైపు పీరీల పండుగకు మా ఇంట్లో మలీద చేసేవాళ్లు, మా బాపు అలాయి చుట్టూ ఆడేవాడు. అలాంటప్పుడు ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తది?

అఫ్సర్ గారు ఇదే విషయం మీద ఏళ్లకేళ్లు పనిచేశారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప అనే పీరు ఉన్నాడు. మొహర్రంకు హిందువులు, ముస్లింలు కలిసే కొలుస్తారు, ఫకీరు దీక్ష పడతారు. దాని మీద 2013లో 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' అని ఇంగ్లిష్‌లో రాశారు, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. మా అబ్బాయి పక్కన కూర్చుని అర్థం చెప్తుంటే నెలరోజులు చదివాను. 1948 పోలీస్ యాక్షన్ నాటి హైదరాబాద్ ముస్లింల గురించి 2023లో ఇంకో పుస్తకం వచ్చింది. అందులో మామూలు జనం చెప్పుకున్న జ్ఞాపకాలే ముఖ్యం.

తన కవితల్ని షామలా గాలఘర్ అనే కవయిత్రితో కలిసి ఇంగ్లిష్‌లోకి కూడా తెచ్చారు. 2022లో 'ఈవినింగ్ విత్ ఎ సూఫీ' అని వచ్చింది. అనువాదం అంటే ఏంటో నాకు కొంచెం తెలుసు. ఇంజినీరు ఇంగ్లిష్‌లో చెప్పింది బుర్రలో తెలుగు చేసుకుని, వచ్చీరాని స్పానిష్‌లో మేస్త్రీలకి చెప్తుంటా. మాట తప్పితే గోడ వంకర పోతది.

ఇక 'సారంగ'. 2013లో అఫ్సర్ గారు, కల్పనా రెంటాల గారు, రాజ్ కారంచేడు గారు కలిసి నెట్‌లో మొదలుపెట్టిన సాహిత్య పత్రిక. అమెరికాలో కూర్చుని నడిపే పత్రిక అంటే ఇక్కడి కార్ల గురించి, మంచు గురించి ఉంటదేమో అనుకుంటారు. కాదు. పల్లె యాసలో కథలు, ముస్లింల ఇళ్లలో కథలు, దళితవాడల కవితలు వస్తాయి. రాసినోడు హైదరాబాద్‌లో ఉండాలని లేదు. పైసా ఖర్చు లేకుండా ఫోన్‌లో చదవొచ్చు. నాకు ఒక్కటే వెలితి: గల్ఫ్ మీద కథలు చాలా వరకు ఊళ్లో ఉండి చూసినవాళ్లు రాసినవే కనబడతాయి. కాంపులో పడుకున్నవాడు రాసింది తక్కువ.

ఆ కడప తమ్ముడు ఇప్పుడు కువైట్‌లో డ్రైవర్. సారంగ లింకు పంపితే బండిలో సేఠ్ కోసం ఆగినప్పుడల్లా చదువుతున్నాడట. మొన్న వాళ్ల ఊరి పీర్ల చావిడి గురించి ఇరవై నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాడి మాట వాడి యాసలోనే ఉంచి కాగితం మీద ఎక్కిస్తున్నా. సగం అయింది. వచ్చే ఆదివారం సెలవు, మిగతాది అప్పుడు.