బ్యాండ్ టీ-షర్ట్ కొంటే డబ్బు ఎవరికి వెళ్తుంది?

ఈ ఎపిసోడ్ డెత్ మెటల్, బ్లాక్ మెటల్, గ్రైండ్‌కోర్ వినేవాళ్ల కోసం. పాటలు ఫోన్‌లో ఎలాగూ వస్తున్నాయి కదా, ఆల్బమ్ కొనడం ఎందుకు? కొంటే ఎక్కడ కొనాలి? ఈ రెండే మాట్లాడుకుందాం.

ఈ సంగీతాన్ని నిలబెట్టింది ఎక్కువగా చిన్న లేబుల్సే. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో డిగ్బీ పియర్సన్ మొదలుపెట్టిన ఇయరేక్ రికార్డ్స్ 1987లో నేపామ్ డెత్ వాళ్ల 'స్కమ్' ఆల్బమ్ వేసింది. అందులో ఒక పాట నిడివి సెకను మీద కాస్త! అలాంటి రికార్డు మీద డబ్బు పెట్టాలంటే పిచ్చి ఉండాలి. మన దేశంలో ముంబైకి చెందిన ట్రాన్సెండింగ్ అబ్‌స్క్యూరిటీ కూడా ఇదే పని చేస్తోంది. ఎక్కడెక్కడి దేశాల బ్యాండ్ల ఆల్బమ్‌లో వేస్తోంది.

చిన్న లేబుల్ లెక్క సింపుల్. సీడీలు, వినైల్ ముద్రించే ఖర్చు ముందే పెట్టాలి. అవి అమ్ముడైతేనే తర్వాతి ఆల్బమ్‌కి డబ్బు. అందుకే ప్రీ-ఆర్డర్ వాళ్లకి అంత ముఖ్యం.

ఇక ఎక్కడ కొనాలి? బ్యాండ్‌క్యాంప్ తీసుకోండి. డిజిటల్ ఆల్బమ్ మీద వాళ్ల వాటా మామూలుగా 15 శాతం, టీ-షర్ట్, సీడీ లాంటి వస్తువుల మీద 10 శాతం. పేమెంట్ చార్జీలు వేరే. 2020లో మొదలైన 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' రోజుల్లో ఆ వాటా కూడా తీసుకోరు. కొనాలనుకుంటే ఆ శుక్రవారం దాకా ఆగండి.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. పేజీ ఎవరిదో చూడండి. లేబుల్ పేజీలో కొంటే డబ్బు ముందు లేబుల్‌కి వెళ్తుంది, బ్యాండ్‌కి ఒప్పందం ప్రకారం వస్తుంది. బ్యాండ్ సొంత పేజీలోనో, షో దగ్గర వాళ్ల టేబుల్ మీదో కొంటే నేరుగా వాళ్ల చేతికే. రెండూ మంచివే, కానీ తేడా తెలిసి కొనండి.

విదేశాల నుంచి తెప్పిస్తే షిప్పింగ్ ఒక్కోసారి షర్ట్ ధరని దాటేస్తుంది. పైగా కస్టమ్స్ సుంకం పడొచ్చు, అది చెకౌట్‌లో కనిపించకపోవచ్చు. నలుగురు కలిసి ఒకే ఆర్డర్ పెడితే తలా ఒక్కరికి షిప్పింగ్ తగ్గుతుంది. పార్సిల్ విలువ పెరిగితే సుంకం పెరుగుతుందన్నది మాత్రం మర్చిపోవద్దు. బడ్జెట్ లేదా? డిజిటల్ కొనండి, షిప్పింగే ఉండదు.

చివరగా నకిలీలు. ఒకే షాపులో వందల బ్యాండ్ల షర్టులు, అన్నీ ఒకే చౌక ధరకి కనిపిస్తే అనుమానించండి. అందులో బ్యాండ్‌కి పైసా రాదు. బ్యాండ్ అధికారిక పేజీలో ఇచ్చిన లింక్ నుంచే వెళ్లండి.

హైదరాబాద్‌లో మొదలైన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండ్ 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బమ్ తెచ్చింది. మన ఊళ్లోనే ఇలాంటివాళ్లు ఉన్నారు. నెలకి ఒక బిర్యానీ డబ్బు పక్కన పెడితే ఒక డిజిటల్ ఆల్బమ్ వస్తుంది. ఈ నెల మీరు ఏది కొంటున్నారో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై!