దేవుని వేటకు ఫోటో, మన వేటకు కేసు

(ఉరవకొండలో కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పొద్దు పేపర్ల గురించి మాట్లాడతా. పేపరుకూ మన చెరువుకూ ఏమి సంబంధమప్పా అంటారేమో. ఉంది.

సంక్రాంతి వస్తే అహోబిలం పారువేట గురించి పేపర్లు రాస్తాయి. నరసింహస్వామి పల్లకీ నలభై రోజులకు పైగా ఊర్లు తిరుగుతుంది. కనుమ నాడు తిరుమలలోనూ పారువేటే. ఫోటోలు వేస్తారు, వెయ్యనీ. మన వాడ పిల్లోడు ఉచ్చు పెట్టి కుందేలు పడితే అదీ వస్తుంది, నేరాల వార్తల్లో. దేవుని వేటకు ఫోటో, మన వేటకు కేసు!

ఒకప్పుడు వేట పేపర్లకు గొప్ప సంగతి. తెల్లదొరలు, రాజులు, జమీందార్లు చచ్చిన పులి పక్కన నిలబడి ఫోటో దిగేవాళ్లు. ఇంగ్లీషు పత్రికలు షికారు కథలు అచ్చేసేవి. తుపాకి పట్టినోనికి పేరు. అడుగుజాడ చూపినోనికి, తప్పెట కొట్టి మృగాన్ని తోలినోనికి పేరెక్కడిది?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. దొర వేట నిలిచింది, దాంతో పేపర్లో వేట ముచ్చట్లూ నిలిచినాయి. జింకను చంపమని నేను చెప్పడం లేదు, అది కూడా బతకల్ల. కానీ కరువు కాలంలో మన పెద్దోళ్లకు కుందేలు, ఉడుమే మాంసం. ఆ తిండి పోయినాక దాని బదులు ఏమిచ్చినారని ఏ పేపరు అడిగింది? ఇప్పుడు ఉరవకొండ, విడపనకల్లు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు మందలుగా పడి మొలకలు మేస్తాండాయి. పరిహారానికి పట్టా చూపమంటే కౌలుకు చేసినోడు ఏమి చూపల్ల?

ఇంక చేపలు. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది. పేపర్లో చేప లేకుండా లేదు. భీమవరం చెరువులు, రొయ్యల రేటు, మేత ధర, ఎగుమతులు అన్నీ ఉంటాయి. అది పెట్టుబడి పెట్టినోని చేప. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఎప్పుడో ఒక ఏడు చెరువు నిండుతుంది. నీళ్లు అడుగంటితే వాడోళ్లు బురదలో దిగి నాలుగు చేపలు పట్టుకునేది. ఇప్పుడు వేలం. వేలం ఎప్పుడు పెట్టిరి? ఎవరు పాడిరి? ఎంతకు పాడిరి? ఆ డబ్బు ఏమాయె? రాసే పేపరు లేదు. రాయకపోతే ఎవరికి లాభమో మీకు నేను చెప్పల్లనా?

పేపర్లు తక్కువై కాదు ఇది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, మిగతా పేపర్లూ అదే దారి పట్టినాయి. ఊరు పేపర్లోకి వచ్చింది, వాడ రాలేదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత విలేకరి కోసం వెతికి, దొరకలేదని పయనీర్ పత్రికలో రాసినాడు. పల్లె విలేకరికి వార్తతో పాటు ప్రకటనలు తెచ్చే పని కూడా ఉంటుంది. చెరువు పాడినోడు పండక్కి శుభాకాంక్షల ప్రకటన ఇస్తాడు. బురదలో దిగినోడు ఏమిస్తాడు?

బాబాసాహెబ్ 1920లో మూక్‌నాయక్ పత్రిక పెట్టినాడు. దుడ్లిస్తామన్నా దాని ప్రకటన కేసరి పత్రిక వెయ్యలేదు. 1927 మార్చి 20న ఆయన వేలమందితో కలిసి మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు తాగినాడు. ముందు పత్రిక, తర్వాత చెరువు. ఈ వరస మరచిపోవద్దండి.

కాబట్టి మూడు పనులు. ఒకటి, 2005 సమాచార హక్కు చట్టం కింద మీ ఊరి చెరువు వేలం కాగితాలు అడగండి. దారిద్ర్యరేఖకు దిగువనున్నోళ్లకు ఫీజు లేదు, ముప్పై రోజుల్లో జవాబియ్యల్ల. రెండు, వచ్చిన జవాబును వాడ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. చదువు రానోళ్లకు చదివి వినిపించండి. మూడు, ఈ పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి. చెరువు పేరు, పాడినోడు, పాట మొత్తం, వాడకు దక్కిందేమి. నాలుగు లైన్లు చాలు.

మన చెరువు వార్త మనమే రాసుకుందాం. జై భీమ్!