బల్లమీది కొండలు, చెరువులు



బొమ్మలకొలువు ముందు కొండలు, పొలములు, గుడులు అమర్చుట మన యిండ్లలో ఉన్న ముచ్చటయే. ఆ కొండల నడుమ పావులు నడచుట మొదలుపెట్టినచో అది యొక ఆట యగును. గుమ్మఘట్ట వంటి మెట్టసీమలో దొరకు సరకుతోనే అట్టి ఆటనేలను ఎట్లు చేసికొనవచ్చునో నేడు మనవి చేయుదుము.

ఈ వేడుక లోకమునకు క్రొత్త కాదు. 1824 నాటికే ప్రష్యా దేశపు సైనికాధికారులు పటములపై చిన్న దిమ్మెలను కదపుచు యుద్ధవిద్య నేర్చుచుండిరి. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్, కొయ్యదిమ్మెల యిండ్ల నడుమ, చెట్టుకొమ్మల అడవులలో బొమ్మ సిపాయిలను నడపు విధమును 'లిటిల్ వార్స్' అను పుస్తకమున వివరించెను. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో దండు పోయి, ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క వీరుడయ్యెను. మనకు అంతకంటె దగ్గరిది పులిమేక. కొండవలె త్రికోణముగా గీచిన గీతలు, 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. పులి ఎచ్చట దుమకగలదో, మేక ఎచ్చట అడ్డగించగలదో ఆ గీతలే నిర్ణయించును. ఆటకు నేల అలంకారము కాదు. ఆటను నడపునది అదియే.

కథకు మనము వెదకికొన పనిలేదు. బాలనాగమ్మ కథ ఉన్నది గదా! మాయల మరాఠీ కోట, దూరదేశమున అతని ప్రాణము దాచుకొన్న చిలుక, దానికై బయలుదేరిన బాలుడు: ఇంతకంటె ఏమి కావలెను?

ఇక సరకు. పాతకాగితములు మూడు దినములు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రుబ్బినచో చేటలకు మెత్తు గుజ్జే సిద్ధమగును. కొండలు దీనితోనే చేయవలెను. కొండను నునుపుగా గాక, రెండంగుళముల వెడల్పు గల మెట్లుగా చేయవలెను; లేనిచో పావు నిలువదు. ఆరిన పిదప జాజు పూసి, తడి ఆరకముందే నలిపిన వేరుసెనగ పొట్టు చల్లినచో మన మెట్టనేల రంగు, గరుకుదనము రెండును వచ్చును. జొన్నదంటు బెండును ముక్కలుగా కోసి, ఆ దంటు పేళ్లనే మేకులుగా గుచ్చినచో కోటగోడ లేచును. రాయదుర్గము కొండమీది కోటను చూచిన పిల్లలకు బురుజు లెక్కడ నిలుపవలెనో ఒకరు చెప్పనక్కరలేదు. నల్లరేగడి ఆరునప్పుడు బీటలు వారును. ఆ పలకను పారవేయక ఎండిన చెరువడుగుగా అమర్చవలెను. మట్టి పావులకు అడుగున పాత గుండీ అతికించినచో అవి పడిపోవు.

పాచికలకు బదులు, ఒక పక్క అరగదీసిన నాలుగు చింతగింజలు చాలును. తెల్లపక్కలు ఎన్ని పడిన అన్ని అడుగులు. నాలుగును నల్లగా పడిన ఎనిమిది. రెండు పక్కలును సమానముగా పడుననుకొన్నచో, 16 విధములలో 6 విధములు రెండే వచ్చును. ఎనిమిది ఒక్క విధముననే. అందుచేత కోటవాకిలి దాటుటకు ఎనిమిది కావలెనని పెట్టినచో అది కష్టమైన వాకిలి యగును.

చెరువు నెచ్చట పెట్టవలెను? మొదట పళ్లెములో తడియిసుకతో అవే కొండలు కుప్పవేసి, చెంబుతో మెల్లగా నీరు పోసి చూడవలెను. నీరు ఎటు జారునో, ఎచ్చట నిలుచునో, ఎచ్చట కట్ట తెగునో పిల్లలకు కంటికి కనబడును. నీరు నిలిచిన చోటనే బల్లమీద చెరువు.

ఇచ్చటి ఆటకు ఒక సూత్రము చేర్చవలసి యున్నది. హగరి యనబడు వేదవతి కర్ణాటకమునుండి వచ్చి, గుమ్మఘట్ట ప్రాంతమున భైరవానితిప్ప జలాశయమును చేరును. అనంతపురము సీమలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. అదియును వేళకు కురియునను నమ్మకము లేదు. కావున ప్రతి వీరునికి నాలుగు వేరుసెనగ గింజలను నీటితిత్తిగా ఇయ్యవలెను. పందెమునకు ఒక గింజ తీసివేయవలెను. చెరువు చేరినవానికి మరల నాలుగు. గింజలు అయిపోయినవాడు, తోటివాడు తన గింజ ఒకటి ఇచ్చువరకు కదలరాదు. మూడు పందెములు ఆగి పని చేసినవాడు ఒక బావి త్రవ్వవచ్చును. ఆ బావి అందరిదియు నగును.

ఈ సూత్రముతో ఆట స్వరూపమే మారిపోవును. చిలుకకు దగ్గరిదారి యొకటి, నీటిదారి యొకటి. మొదటినాడు అందరును దగ్గరిదారినే పరుగెత్తి నడుమ నిలిచిపోవుదురు. రెండవనాడు బావి ఎవరు త్రవ్వవలెనని వాదము పుట్టును. మాయల మరాఠీ సంగతి కొంత ఆలస్యమైనను కానిండు. ఆ వాదము నాపక, పెద్దలు కూడ ఒక పావు తీసికొని ప్రక్కన కూర్చుండుడు.