రాత్రిపూట చిన్న విమానం దిగేటప్పుడు

దుండిగల్ వైమానిక అకాడమీ శిక్షణ విమానాలు జీడిమెట్ల వాళ్లకు కొత్త కాదు. అలాంటి చిన్న విమానం దించడం పగలే కష్టం, రాత్రయితే మరీను. చుట్టూ చిమ్మచీకటిగా ఉండి రన్‌వే దీపాలే కనిపిస్తుంటే, పైలట్‌కు తాను బాగా ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. దాంతో మరీ కిందికి దించేస్తాడు. అందుకే రన్‌వే పక్కన వరుసగా నాలుగు దీపాలు పెడతారు. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ ఎర్రగా కనిపిస్తే ప్రమాదమే.

చీకటి మరో రకంగానూ మోసం చేస్తుంది. 1999 జులై 16 రాత్రి అమెరికాలో మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ నడుపుతున్న చిన్న విమానం కిందికి దిగుతూ సముద్రంలో కూలి, అందులోని ముగ్గురూ చనిపోయారు. చీకట్లో పైకీ కిందికీ తేడా తెలియక అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది.

అనుమానమొస్తే దిగకుండా మళ్లీ పైకి లేచేవాడే మంచి పైలట్. ఆలస్యమవుతోందని అతన్ని తొందరపెట్టకండి.