వలస శాసనములు – విదేశనీతి

తన గడప దాటి లోనికి ఎవరు రావచ్చునో, ఎవరు రారాదో నిర్ణయించుకొనుట ప్రతి దేశమునకును ఇంటి వ్యవహారమని సాధారణముగా తలచుచుందుము. ఆ హక్కు స్వతంత్ర రాజ్యములన్నిటికిని ఉన్నది. అందు వివాదము లేదు. కాని గడపలో నిలిచి పలికిన మాట ఇంటిలోనివారికే కాక వీధిలోనివారికిని వినబడును. ఈ సంగతిని గ్రహించుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములకును ఆసియా దేశములకును నడుమ జరిగిన చరిత్రను మనము ఒకమారు పరికింతము.

కాలిఫోర్నియా బంగారు గనులలోను, పర్వతములను తొలిచి రైలుమార్గము వేయుటలోను చీనా కూలీలు చెమటోడ్చిరి. 1868 నాటి బర్లింగేమ్ సంధి ఇరుదేశముల ప్రజల రాకపోకలకు స్వేచ్ఛ నొసగినది. పదునాలుగేండ్లు గడచునప్పటికి, 1882లో, చీనా కూలీల రాకను నిషేధించుచు అమెరికా శాసనము చేసినది. మొదట పదేండ్లకే యనిరి; పొడిగించుచు పోయి తుదకు శాశ్వతము గావించిరి. వర్తకులకును విద్యార్థులకును మినహాయింపు ఉన్నను, రేవులలో వారికిని అవమానములు తప్పలేదు.

ఇంతలో 1899లో ఆ అమెరికాయే, చీనా వర్తకము అన్ని దేశములకును సమానముగా అందవలెనని 'తెరచిన తలుపు' విధానమును లోకమునకు చాటినది. తన తలుపు మూసికొని ఎదుటివాని తలుపు తెరచియుంచు మనుటలోని వైపరీత్యము చీనావారికి తెలియకపోలేదు. 1905లో షాంఘై, కాంటన్ నగరముల వర్తకులును విద్యార్థులును అమెరికా సరకులను బహిష్కరించిరి.

జపాను కథ ఇంకను బోధకరమైనది. 1907–08లో ఇరుప్రభుత్వములును ఒక 'పెద్దమనుషుల ఒప్పందము'నకు వచ్చెను. జపాను తన కూలీలకు తానే పాసుపోర్టులు ఇయ్యక నిలుపుకొన నంగీకరించినది. అమెరికా కోరిక నెరవేరినది. జపాను గౌరవమును దక్కినది. కాని 1924 నాటి శాసనము, పౌరసత్వమునకు అర్హత లేనివారికి వలస ప్రవేశము లేదన్నది. జపాను పేరెత్తకయే జపానును వెలివేసిన వాక్యమది! ఇతర దేశములవలె జపానునకును వాటా ఇచ్చియుండినచో, ఏటికి వచ్చువారు కొలది వందలకు మించియుండరు. విదేశాంగమంత్రి హ్యూస్ ముందే హెచ్చరించెను. అధ్యక్షుడు కూలిడ్జ్ ఆ నిబంధన తనకు సమ్మతము కాదని చెప్పుచునే సంతకము చేసెను. జూలై 1న శాసనము అమలునకు రాగా జపానులో నిరసన సభలు జరిగినవి. తరువాతి యుద్ధమునకు ఇదియే కారణమనుట అతిశయోక్తి యగును. అయినను అమెరికాతో మైత్రి కోరిన జపాను పెద్దల మాట స్వదేశముననే చులకనయైనది.

యుద్ధము వచ్చిన పిదప ఆ పాత శాసనములే శత్రువునకు ఆయుధములైనవి. మిమ్ము గడప తొక్కనీయని వారికొరకా మీ పోరాటమని జపాను ప్రచారకులు చీనావారిని రెచ్చగొట్టసాగిరి. 1943 అక్టోబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, ఈ చారిత్రక దోషమును దిద్ది, ఆ ప్రచారమును అణచవలెనని కాంగ్రెసును కోరెను. డిసెంబరులో నిషేధము రద్దయినది. చీనాకు లభించిన వాటా ఏటికి 105 మాత్రమే.

మన దేశమును ఈ బాధకు వెలియైనది కాదు. 1917 శాసనము భారతీయుల వలసకు అడ్డుగోడ కట్టినది. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యములో చేరిన భగత్ సింగ్ థిండ్ పౌరసత్వమునకు అర్హుడు కాడని 1923లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. భారత స్వాతంత్ర్యము సమీపించిన 1946లో, ఏటికి 100 మంది వాటాయు పౌరసత్వపు హక్కును లభించినవి. జాతిమూలమునుబట్టి వాటాలు పంచు పద్ధతి 1965 శాసనముతో తొలగినది. అటుపిమ్మట అచ్చటికి వెళ్లిన వైద్యులలోను ఇంజనీరులలోను తెలుగువారు పెక్కురు. రెండు దేశముల నడుమ నేడున్న సాన్నిహిత్యమునకు వారు ఒక ఆలంబనము.

ఇందు మనము గమనింపవలసినది సంఖ్య కాదు. కొలదివందల మందిని కాదనినందున ఒక మహారాజ్యపు స్నేహము సడలినది. నూటయైదుగురిని రమ్మనినందున మరియొక జాతి మనస్సు కొంత కుదుటపడినది. ఎందరు రావలెనన్నది ఆయా దేశముల శక్తినిబట్టి యుండును. కాని రావలదనుటకు చెప్పు కారణము మనిషి పుట్టుకయైనచో, ఆ మాట వచ్చినవానికే కాక వాని జాతికంతకును తగులును. రాయబారులు పదేండ్లు శ్రమించి కూర్చిన మైత్రిని అట్టి ఒక్క వాక్యము చెరచగలదు. నోరు మంచిదైన ఊరు మంచిదను మన పెద్దల మాట రాజ్యములకును వర్తించును.