పెంపుడు బోవాను ఎన్నుకొనుట

పామును మనము నాగులచవితినాడు పూజింతుము. మరునాడు ఇంటిలో కనబడినచో కర్ర వెదకుదుము. భక్తి, భయము రెండును దూరమునుండియే. కాని అమెరికా వంటి దేశములలో పాము కూడ కుక్కవలె, పిల్లివలె ఇంటి జంతువు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములలోని పిల్లలు తోడి విద్యార్థుల ఇండ్లలో బోవా పామును చూచి, "మనమును ఒకటి తెచ్చుకొందము" అని అడుగుట వింత కాదు. ఆ ఇంటిలో అప్పటికే పిల్లియో, కుక్కయో, పంజరములో చిలుకయో ఉండును. అట్టి ఇంటికి ఏ బోవా తగును? ఈ ప్రశ్నను నేడు కొంచెము విచారింతము.

బోవా మన కొండచిలువకు దూరపు చుట్టము. రెండింటికిని విషము లేదు. రెండును ఆహారమును చుట్టి, బిగించి చంపును. కొండచిలువ గ్రుడ్లు పెట్టును. బోవాలు దాదాపు అన్నియు పిల్లలను కనును. 1758లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన 'బోవా కన్‌స్ట్రిక్టర్' అను శాస్త్రీయ నామమే జనుల నోట వాడుక పేరుగా కూడ నిలిచినది. ఈ పాము ఊపిరి ఆడనీయక చంపునని చాలకాలము తలచిరి. అమెరికాలోని డికిన్‌సన్ కళాశాలకు చెందిన స్కాట్ బోబాక్, ఆయన సహచరులు 2015లో ప్రకటించిన పరిశోధనవలన అసలు సంగతి తేలినది. బోవా బిగించిన కొద్ది సెకండ్లలోనే ఎలుక శరీరమున రక్తప్రసారము స్తంభించును. గృహస్థునకు ఇందు ఒక హెచ్చరిక కలదు. పిల్లికూనను పాము చుట్టిన తరువాత పరుగెత్తి విడిపింతమనుకొనుటకు వ్యవధి ఉండదు. అవి రెండును ఒకచోట చేరకుండ చూచుటయే మార్గము.

అంగడిలో చూచినప్పుడు బోవా పిల్ల అడుగున్నర పొడవున, వ్రేలెడు లావున, చక్కని మచ్చలతో ముద్దు గొలుపుచుండును. పెరిగిన ఆడ బోవా ఆరు మొదలు ఎనిమిది అడుగుల వరకు ఉండును. దక్షిణ అమెరికా జాతులలో కొన్ని పది అడుగులకు చేరును. ఇక ఆయువు సంగతి. మంచి పోషణలో ఇరువది, ముప్పది ఏండ్లు జీవించుట సామాన్యము. ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో పొపాయి అను బోవా 40 ఏండ్లు దాటి బ్రతికి 1977లో మరణించినది. పదేండ్ల బాలుడు కోరిన పాము, అతడు చదువు ముగించి, ఉద్యోగములో చేరి, వేరు కాపురము పెట్టిన పిదప కూడ తల్లిదండ్రుల ఇంటనే మిగులవచ్చును. కనుక బోవాను కొనునప్పుడు ఎదుట నున్న పిల్లను గాక, పదేండ్ల తరువాతి పామును చూచి కొనవలెను. అన్నింటికంటె ముఖ్యమైన సూత్రమిది.

ఈ సూత్రమును మరచినవారు పాము పెరిగినంతనే తోటలోనో, అడవిలోనో విడిచిపెట్టుదురు. పాము బ్రతికినచో స్థానికములైన పక్షులకు, చిన్న జంతువులకు కీడు. చచ్చినచో పాపము మనది. అరూబా ద్వీపమున, ప్యూర్టో రీకోలో, ఫ్లారిడాలోని మయామి సమీపమందలి డీరింగ్ ఎస్టేట్ తోటలో మనుష్యుల మూలమున చేరిన బోవాలు స్థిరనివాస మేర్పరచుకొన్నవి. ఇట్టి అనుభవములవలననే అమెరికా ప్రభుత్వము 2012లోను, 2015లోను కొన్ని పెద్ద కొండచిలువలను, అనకొండలను హానికర జాతుల పట్టికలో చేర్చినది. బోవా కన్‌స్ట్రిక్టర్‌ను ఆ పట్టికలో చేర్చలేదు. అయినను హవాయి రాష్ట్రములో ఏ పామునైనను పెంచుట నేరము. తక్కిన చోట్లను రాష్ట్రపు నియమములు, నగరపు నియమములు, అద్దె ఇంటి ఒడంబడిక మూడును చూచుకొనవలెను.

ఇక ఎన్నిక. ఇతర జంతువులు, చిన్న పిల్లలు ఉన్న ఇంటికి, పాముల పెంపకము క్రొత్తయగు వారికి, రెండు చిన్న జాతులు తగినవి. మొదటిది రోజీ బోవా. ఇది కాలిఫోర్నియా, అరిజోనా, మెక్సికోల ఎండు నేలలలో పుట్టినది. సాధారణముగా రెండు మూడు అడుగులకు మించదు. మిక్కిలి సాధువు; కరచుట అరుదు. గాలిలో తేమ ఎక్కువగా అవసరము లేదు. రెండవది కెన్యా ఇసుక బోవా. మగది అడుగు మీద కొంచెము. ఆడది రెండడుగులు, రెండున్నర అడుగులు. మూడడుగుల పెట్టెలో సుఖముగా ఉండును. కాని ఇది పగలెల్ల ఇసుకలో దూరి, కన్నులు మాత్రము పైకి పెట్టి ఉండును. అనుదినము పామును చూచి ఆనందింపగోరు బాలునకు ఇది నిరాశ కలిగింపవచ్చును. రెండింటిలో ఒకటే చెప్పుమన్నచో, మనము రోజీ బోవాను చెప్పుదుము. పెద్దదైనను రెండు చేతులలో ఇముడును. పిల్లిని మ్రింగు శక్తి దానికి ఎన్నడును రాదు.

తప్పక కన్‌స్ట్రిక్టర్ జాతిదే కావలెనను వారు హోండురాస్ తీరమందలి కాయోస్ కొచినోస్ దీవుల బోవా వంటి పొట్టిరకములను చూడవచ్చును. అవి నాలుగైదు అడుగుల యొద్ద ఆగును. పెంపకపు వర్తకమునకై 1970, 1980 దశకములలో ఆ దీవులలో వీనిని విపరీతముగా పట్టిరి. కావున పెంపకములో పుట్టిన పిల్లను మాత్రమే కొనుట ధర్మము. ఆకుపచ్చని చెట్టు బోవా కంటికి ఎంత అందమో చేతికి అంత కష్టము. దాని పొడవైన పండ్లు, ముక్కోపము అనుభవజ్ఞులకే తగును. ఇంద్రధనుస్సు రంగులు చిందు బ్రెజిల్ బోవాకు గాలిలో మిక్కిలి తేమ నిత్యము ఉండవలెను. ఆ శ్రద్ధ లేని ఇంట అది నిలువదు.

జాతిని ఎన్నుకొన్న తరువాత ఇంటిని సిద్ధపరుపవలెను. పాముకు వేరు గది, ఆ గదికి తలుపు, పెట్టెకు తాళము: ఈ మూడును లేనిచో పామును తేరాదు. పెట్టె పైన మూతకు బదులు ముందువైపు అద్దపు తలుపు ఉండుట మేలు. ఏలన, పామునకై వెచ్చగా నుంచు పెట్టె మీద పిల్లి ఎక్కి పండుకొనును; వల మూత యైనచో దాని బరువునకు క్రుంగును. చిన్న బోవా ఉన్న ఇంట అపాయము పిల్లికి కాదు, పామునకే. పిల్లి గోరు గాయము చిన్నదైనను చీము పట్టి ప్రాణము మీదికి వచ్చును. కుందేలు, హామ్‌స్టర్, పక్షులు పాము కంటికి చుట్టములు కావు, భోజనము. వానిని ముట్టిన చేతిని కడుగకయే పామును పట్టినచో, ఆ వాసనకు అది చేతినే కరవవచ్చును. అది కోపము కాదు, పొరపాటు.

మందుల విషయమున మరియొక జాగ్రత్త అవసరము. పాము పొలుసుల సందున రక్తము పీల్చు సూక్ష్మమైన పురుగులు చేరినప్పుడు పెట్టెలో చల్లు మందులలో కొన్నింట పెర్మెత్రిన్ ఉండును. అది పిల్లులకు విషము. పశువైద్యుని అడుగక ఒక జంతువు మందును మరియొక జంతువున్న చోట వాడరాదు. ఇంట మరియొక పాము కలదేని, క్రొత్తదానిని మూడు నెలలైనను వేరుగా ఉంచవలెను. బోవాలలో ఒక నయముకాని వ్యాధి కలదు. అది సోకిన పాముల యందు అరీనా వైరస్ జాతి సూక్ష్మజీవులను శాస్త్రజ్ఞులు 2012లో గుర్తించిరి. బోవా పైకి ఏ లక్షణమును చూపక ఏండ్ల తరబడి దీనిని మోయవచ్చును. కొండచిలువకు సోకినచో అది త్వరలో మరణించును.

ఆహారము మాట చెప్పక తప్పదు. బోవా శాకాహారి కాదు. దానిని అట్లు మార్చుటయు సాధ్యము కాదు. చంపి గడ్డకట్టించిన ఎలుకలను తెచ్చి, కరగించి, వెచ్చచేసి పెట్టవలెను. ప్రాణముతో నున్న ఎలుకను వేసినచో అది పామును కొరికి గాయపరచును. ఆ ఎలుకలకు వేరు ఫ్రీజరు ఉండవలెను. మడి, ఆచారము పాటించు నానమ్మయో, అమ్మమ్మయో ఉన్న ఇంట, ఈ సంగతి మొదటనే విప్పి చెప్పి, ఆమె సమ్మతి పొందిన పిమ్మటనే ముందుకు పోవలెను. సరీసృపముల చర్మముపై సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చును. కావున ఐదేండ్ల లోపు పిల్లలు, అరువదియైదు ఏండ్లు దాటిన వృద్ధులు పామును తాకరాదని అమెరికా ఆరోగ్యశాఖ హితవు. పాము నీటిగిన్నెను వంటగది తొట్టిలో కడుగరాదు.

కొనునప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. పెంపకములో పుట్టినదా? గడ్డకట్టించి కరగించిన ఎలుకను తినుచున్నదా? తల్లి ఎంత పొడవున్నది? ఇంతవరకు ఎన్నిసార్లు భోంచేసినది? చేతిలోనికి తీసికొన్నప్పుడు పాము నిబ్బరముగా చుట్టుకొనుచు, నాలుక చాపుచుండవలెను. నోట నురుగు, ఊపిరిలో చప్పుడు, ఆకాశమువైపు వాలిపోవు తల ఉన్నచో వదలివేయవలెను. సరీసృపములను చూచు వైద్యుడు సమీపమున ఉన్నాడో లేడో ముందే తెలిసికొనవలెను.

ఇదంతయు విని స్వదేశమున నున్న శ్రోతలు మన పొలముల యందలి పామును పట్టి పెంచవచ్చునని తలపరాదు. మనము రెండు తలల పాము అనునది కెన్యా ఇసుక బోవాకు దగ్గర చుట్టము. దాని తోక మొండిగా ఉండుటచే రెండవ తలవలె తోచును. ఉన్నది ఒకటే తల. అది ఇంట నున్నచో నిధులు దొరకునని నమ్మించి లక్షలకు అమ్మజూచు మోసగాండ్రు తెలంగాణములోను, ఆంధ్రప్రదేశములోను పట్టుబడుచునే ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుటయు, ఉంచుటయు, అమ్ముటయు నేరము. ఎలుకలను తిని రైతుకు మేలుచేయు ఆ సాధుజీవి ఇల్లు పొలమే.

తుదకు చెప్పవలసినది ఒకటే. బోవాకు మనపై ప్రేమ ఉండదు. పిలిచిన రాదు, తోక ఆడింపదు. దానికి కావలసినవి వెచ్చదనము, మరుగు, వేళకు ఆహారము, కదలింపక వదలు ఓర్పు. ఇంటనున్న తక్కిన ప్రాణులకు కావలసినది భద్రత. ఈ రెండింటిని ఇరువది ఏండ్లపాటు కూర్పగల ఇల్లే బోవాకు తగిన ఇల్లు. అట్లు కాదని తోచినచో పిల్లవానిని ఆదివారమునాడు జంతుప్రదర్శనశాలకు తీసికొనిపోయి పామును చూపించుట వానికిని, పామునకును మేలు.