వ్రేలాడు దీపము – తీగల బిగువు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ పందిరి నడుమ దీపమును వ్రేలాడదీయునపుడు మన యువకులు తీగను తిన్నగా బిగింపబోయిరి. వంగిన తీగ చూపునకు అందము గాదని వారి తలంపు. నేను వారించితిని. దీపము క్రింద మన పిల్లలే కూర్చుందురు గనుక కారణము మనవి చేసెదను.

దీపము 10 కిలోల బరువనుకొందము. రెండు తీగలు నిలువుగా నున్నచో చెరి 5 కిలోలు మోయును. ఏటవాలు తీగ యట్లు గాదు. దాని లాగుడులో పైకి లాగు భాగమే బరువును మోయును. తక్కినది గుంజలను లోనికి లాగును. కావున దీపపు బరువులో సగమును తీగ పొడవుచే హెచ్చించి, దిగుడుచే భాగింపవలెను. ప్రక్కకు 2 మీటర్ల తీగ, 1 మీటరు దిగుడు ఉన్నచో ఒక్కొక్క తీగ బిగువు 10 కిలోలు. దిగుడు 20 సెంటీమీటర్లైన 50. 10 సెంటీమీటర్లైన 100 కిలోలు! దిగుడే లేకుండ బిగించుట ఎవరి తరమును గాదు.

ఏటవాలు బలముల ఈ మర్మమును సైమన్ స్టెవిన్ 1586లో లేడెన్ నగరమున ప్రకటించిన గ్రంథమున వివరించెను.

ఏలూరు నుండి కైకలూరు పోవు దారిలో, కొల్లేటి చెరువుల గట్లవెంట విద్యుత్తు తీగలు కొంచెము వంగియుండుటకును ఇదియే హేతువు. చలికి లోహము కుదించుకొనును. దిగుడు చాలని తీగ తెగవచ్చును.

యువకులారా, మూరెడు దిగుడు వదలుడు. పుస్తకములోని లెక్క యొకటి పిల్లవాని తలను కాపాడినచో, మన గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల శ్రమ సార్థకమే.